అమ్మ లేని గొరిల్లాల ఇల్లు

తల్లిని పోగొట్టుకున్న కొండ గొరిల్లా పిల్లలను పెంచే కేంద్రం ప్రపంచం మొత్తమ్మీద ఒక్కటే ఉంది. కాంగో తూర్పు అంచున, విరుంగా జాతీయవనం ప్రధాన కార్యాలయం ఉన్న రుమంగాబోలో. దాని పేరు సెంక్వెక్వే కేంద్రం. విరుంగా 1925లో ఏర్పడింది. ఆఫ్రికాలో అంతకన్నా పాత జాతీయవనం లేదు.

సెంక్వెక్వే అన్నది ఒక మగ గొరిల్లా పేరు. వయసొచ్చిన మగవాటికి వీపు మీద వెంట్రుకలు వెండిరంగుకు తిరుగుతాయి. రుగెండో అనే కుటుంబానికి ఇది అలాంటి వెండివీపు పెద్ద. 2007 జులైలో దాన్నీ, అదే కుటుంబంలోని ఆడవాటినీ తుపాకులతో కాల్చి చంపారు. మాంసం ముట్టుకోలేదు, పిల్లల్ని ఎత్తుకుపోలేదు. దాంతో అనుమానం బొగ్గు వ్యాపారం మీదికి మళ్లింది. గోమా పట్టణంలో వంటంతా బొగ్గు మీదే. ఆ బొగ్గు కోసం వనంలో చెట్లు కొట్టి కాల్చేవాళ్లకు రేంజర్లు అడ్డం. రేంజర్లను బెదిరించడానికే గొరిల్లాల ప్రాణాలు తీశారని అప్పట్లో అందరూ అనుకున్నారు. చనిపోయిన సెంక్వెక్వేను కర్రలకు కట్టి, ఊరి జనం భుజాల మీద మోసుకొస్తుండగా బ్రెంట్ స్టిర్టన్ తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఆ కాల్పులకు కొన్ని వారాల ముందే, చచ్చిపడి ఉన్న తల్లిని కరుచుకుని ఉన్న రెండు నెలల పిల్ల ఒకటి రేంజర్లకు దొరికింది. పేరు ఎన్‌డకాసి. ఆ రాత్రి అది బతుకుతుందన్న ఆశ లేదు. ఆంద్రే బౌమా అనే రేంజరు చొక్కా విప్పి, దాన్ని తన ఛాతీకి హత్తుకుని తెల్లవార్లూ అలాగే ఉండిపోయాడు. ఆ పనిలో ఎంత తెలివి ఉందో చూడండి. గొరిల్లా పిల్ల పుట్టిన మొదటి నెలల్లో తల్లి ఒంటిని వదలదు. పాలు తాగేది మూడు నాలుగేళ్లు, రాత్రి పడుకునేది తల్లి ఆకుపక్కలోనే. అందుకే ఇలాంటి పిల్లకు సీసాపాలు ఒక్కటే పట్టిస్తే చాలదు, వేళ్లు బిగించి పట్టుకోవడానికి వెచ్చని ఒళ్లు కావాలి. ఈ కేంద్రంలో సంరక్షకులు చంటి గొరిల్లాల పక్కనే పడుకుంటారు.

మరి తల్లి పోయిన ప్రతి పిల్లా ఇక్కడికే వస్తుందా? రాదు. నా దృష్టిలో మొత్తం కథలో ఇదే గొప్ప విశేషం. రువాండాలో యాభై ఏళ్లకు పైగా రాసి ఉంచిన వివరాలను పరిశీలించి 2021లో ఒక అధ్యయనం వెలువడింది. రెండేళ్లు దాటాక తల్లి పోయిన పిల్లలు తల్లి ఉన్నవాటిలాగే బతికి బట్టకడుతున్నాయట. అన్నలూ అక్కలూ దగ్గరికి తీస్తారు. వెండివీపు పెద్ద తన పక్కలో చోటిస్తాడు. కుటుంబం చెదిరిపోయినప్పుడో, పాలు మరవని వయసులో తల్లి పోయినప్పుడో, వేటగాళ్లు ఎత్తుకుపోయినప్పుడో మాత్రమే మనిషి ఆసరా అవసరమవుతుంది.

ఎన్‌డకాసికి తోడుగా పెరిగిన ఎన్‌డెజె, 2007 జులై కాల్పుల్లోనే తల్లిని పోగొట్టుకుంది. 2019లో మాత్యూ షమావు అనే రేంజరు తీసిన సెల్ఫీ మీరు చూసే ఉంటారు. వెనకాల రెండు గొరిల్లాలు నిటారుగా నిలబడి ఉంటాయి. ఒకటి పొట్ట ముందుకు పెట్టి దర్జాగా నిలబడితే, రెండోది కెమెరాలోకి తొంగి చూస్తుంది. ఆ రెండూ ఎన్‌డకాసి, ఎన్‌డెజెలే. చుట్టూ ఎప్పుడూ మనుషులే ఉండటంతో మనలాగే నిలబడటం అలవాటైంది. ఎన్‌డకాసి పద్నాలుగేళ్లు బతికి, 2021 సెప్టెంబరు 26న జబ్బుతో, అదే బౌమా ఒడిలో కన్నుమూసింది.

ఇంకో రెండు గొరిల్లాల సంగతి చెప్పాలి. 1969లో జర్మనీలోని కొలోన్ జూ కోసం పట్టుకున్న కోకో, పకర్ అనే పిల్లలను గొరిల్లా పరిశోధకురాలు డయాన్ ఫాసీ తన శిబిరంలో పెట్టుకుని బతికించింది. పంపొద్దని ఎంతో పోరాడింది, ఆపలేకపోయింది. 1978లో రెండూ నెల తేడాలో చనిపోయాయి. ఇవాళ ప్రపంచంలో ఏ జూలోనూ కొండ గొరిల్లా లేదు. మన మైసూరు జూకు 2021లో జర్మనీ నుంచి వచ్చిన థాబో, డెంబా పశ్చిమ పల్లపు జాతివి.

చూడ్డానికి వెళ్లేవాళ్లు తెలుసుకోవలసింది, మన జలుబు వాటికి ప్రాణాంతకం. కేంద్రంలోని గొరిల్లాలను కంచె ఇవతలి నుంచే చూడనిచ్చేవారు. అడవిలో చూడాలంటే రువాండాలో గుంపుకు ఎనిమిది మందినే, గంటసేపే, పదిహేనేళ్లు దాటినవాళ్లనే అనుమతిస్తారు. అనుమతి రుసుము మనిషికి 1,500 డాలర్లు. ఎక్కువే, కానీ గొరిల్లాలు బతికి ఉంటేనే ఊళ్లకు ఆదాయమన్న లెక్క కుదిరింది దానివల్లే. గైడ్లు ఒక్కో గొరిల్లాను ముక్కును బట్టి గుర్తుపడతారు. ముక్కుపుటాల పైనుండే ముడతలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు.

1980ల మొదట్లో విరుంగా కొండల్లో మిగిలినవి దాదాపు 250. 2018 దాకా జరిగిన గణనల ప్రకారం అక్కడా, ఉగాండాలోని బ్వింది అడవిలోనూ కలిపి 1,063. పేడలోని డీఎన్‌ఏను పరీక్షించి తేల్చిన లెక్క ఇది. మహావానరాల్లో సంఖ్య పెరుగుతున్నవి ఇవే. ఆ పెరుగుదల వెనుక, విధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న 200 మందికి పైగా విరుంగా రేంజర్లు ఉన్నారు. 2012లో తిరుగుబాటుదారులు చుట్టుముట్టినప్పుడు కూడా బౌమా గొరిల్లాలను విడిచి వెళ్లలేదు. ఉచ్చులో పడి ఒక చెయ్యి పోగొట్టుకున్న కబోకో అనే గొరిల్లా ఆ యుద్ధం రోజుల్లోనే జబ్బుపడి పోయింది. 2022లో రుమంగాబో మళ్లీ తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది.

పెంచిన గొరిల్లాలు తిరిగి అడవికి వెళ్లగలవా అంటే, దగ్గరి జాతి విషయంలో ఒక శుభవార్త ఉంది. గ్రావర్ గొరిల్లాల అనాథ పిల్లలకు కాంగోలోనే గ్రేస్ అనే మరో కేంద్రం ఉంది. అక్కడ పెరిగిన నాలుగు ఆడ గొరిల్లాలను 2024లో విరుంగా వనంలోని చియాబెరిము కొండకు తరలించారు. అక్కడ మిగిలిన గుంపు చాలా చిన్నది, ఆడవి మరీ తక్కువ. కొత్తగా వచ్చినవి అక్కడి వెండివీపు పెద్ద వెంట నడిచి, ఆ గుంపులో కలిసిపోయాయి.