వరదాంబిక

విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల పట్టమహిషి వరదాంబిక. ఆమె వివాహ వైభవాన్ని తిరుమలాంబ ‘వరదాంబికా పరిణయ చంపువు’ అనే సంస్కృత కావ్యంగా రచించింది. కుమారుడు వేంకటాద్రి యువరాజు కావడంతో ఆ కావ్యం ముగుస్తుంది. చరిత్ర అక్కడ ఆగలేదు.

1542లో రాయలు మరణించగా, బాలుడైన వేంకటాద్రి సింహాసనమెక్కాడు. అధికారాన్ని మాత్రం వరదాంబిక సోదరుడు సలకరాజు చినతిరుమలయ్య చేజిక్కించుకున్నాడు. పోర్చుగీసు రచయిత కొరెయా కథనం ప్రకారం, బిడ్డ కోసం ఆ తల్లి బిజాపూరు సుల్తాను సాయం అర్థించింది. తిరుమలయ్య ధనమిచ్చి సుల్తానును వెనుకకు మరలించాడు. రక్షించవలసిన మేనమామే మేనల్లుణ్ణి చంపించి రాజయ్యాడు.

కృష్ణదేవరాయల అల్లుడు రామరాయలు తిరుమలయ్యను వధించి, ఆలూరుకు ఆగ్నేయాన గల గుత్తి దుర్గంలో బందీగా ఉండిన సదాశివరాయలను 1543లో రాజును చేశాడు. పేరు సదాశివరాయలది, పెత్తనం రామరాయలది. తరువాత రామరాయల ఆరవీటి వంశానికే సింహాసనం దక్కింది.

పుట్టింటి బలమే రాణికి అండ అన్న నమ్మకం వరదాంబిక జీవితంలో తారుమారైంది.