మాత్రలు వేస్తున్నా నీళ్లు పచ్చబడేదెందుకు?

ఒమాన్‌లో మస్కట్‌కు వాయవ్యంగా, బాతినా తీరం వెంట ఉన్న ఊరు ఖబూరా. అక్కడ ఇంట్లో స్విమ్మింగ్ పూల్ కట్టుకున్నవారికి ఎండాకాలమంతా నాచుతో పోరే. గాలికి లేచిన దుమ్ముతోపాటు నాచు బీజాలు నీళ్లలో పడుతూనే ఉంటాయి. రాత్రి అయినా నీరు చల్లబడుతుందన్న నమ్మకం లేదు. ఇదే దేశంలోని ఖురయ్యాత్‌లో 2018 జూన్ 26న పాదరసం ఒక రోజంతా 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. కనుక గోడ మీద చెయ్యి జారుతోందనగానే చాలామంది మరో రెండు క్లోరిన్ మాత్రలు వేస్తారు. నీళ్లు పచ్చబడటానికి చాలాసార్లు ఆ మాత్రలే కారణమని నా వాదన.

ఎండ నుంచి రక్షణ లేని క్లోరిన్ గంట తిరక్కుండానే సగం నశించిపోతుంది. దాన్ని కాపాడటానికి మాత్రల్లో సయనూరిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది కానీ ఈ ఆమ్లం ఎటూ పోదు. నీరు ఆవిరైనా అది పూల్‌లోనే మిగులుతుంది. మాత్రల వల్ల నీళ్లలో పది పీపీఎం (పది లక్షల భాగాలకు పది భాగాలు) క్లోరిన్‌తోపాటు ఆరు పీపీఎం ఆమ్లం చేరుతుంది. రోజుకు మూడు పీపీఎం క్లోరిన్ చొప్పున వేస్తే నెల తిరిగేసరికి ఆమ్లం యాభై దాటుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ క్లోరిన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది, నాచును చంపే శక్తి తగ్గిపోతుంది. ఆమ్లం 40 ఉన్నప్పుడు మూడు పీపీఎం క్లోరిన్ సరిపోతుంది. అదే 150కి చేరితే పదకొండు కావాలి. మూడు ఉంటే చాలనుకుని కూర్చున్న యజమాని పూల్ పచ్చబడక ఏమవుతుంది? దానికి తోడు పీహెచ్ ఎనిమిదికి చేరితే పనిచేసే క్లోరిన్ ఇంకా తగ్గుతుంది.

మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తే నాచు తేలికగా పోతుంది కదా అంటారు. అందులోని రాగి నాచును చంపే మాట నిజమే. కానీ అదీ నీళ్లలోనే పేరుకుపోయి గోడలకు మరకలు పట్టిస్తుంది, లేతరంగు జుట్టుకు ఆకుపచ్చ రంగు తెస్తుంది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఆమ్లాన్ని 150 నుంచి 50కి దించాలంటే మూడింట రెండు వంతుల నీళ్లు పారబోయాలి. సముద్రపు నీటి ఉప్పు తీసి తాగే దేశంలో, తీరప్రాంతపు బావుల్లోకి ఉప్పునీరు చొరబడిన చోట అలా పారబోయడం తప్పే. అందుకే మొదటి నుంచే టెస్ట్ కిట్‌తో కొలిచి, ఆమ్లం 40 దగ్గరకు రాగానే మాత్రలు ఆపి ద్రవ క్లోరిన్‌కు మారాలి. వేడికి అది త్వరగా బలహీనపడుతుంది. కొంచెం కొంచెంగా కొని నీడలో పెట్టుకోవాలి. మాత్రలను క్లోరిన్ పొడితో ఎన్నడూ కలపకూడదు, మంట లేవవచ్చు.

ఇప్పటికే పచ్చబడి ఉంటే ముందు పీహెచ్‌ను 7.2కి దించాలి. ఆమ్లం 40 ఉన్న నీటిలో క్లోరిన్‌ను పదహారుకు పెంచి, ఆ స్థాయి తగ్గకుండా చూడాలి. పంపు రాత్రింబవళ్లు నడవాలి, ఫిల్టర్‌కు బ్యాక్‌వాష్ కావాలి. మెట్ల మూలల్ని, నిచ్చెన వెనక భాగాన్ని బ్రష్‌తో రుద్దాలి. మందు అందని చోటే పాకుడు బతుకుతుంది. ఇదంతా ముగిసేవరకు పిల్లల్ని దిగనివ్వకూడదు. నీళ్లు తేటపడ్డాక చివరి పరీక్ష చీకటి పడ్డాక చేయాలి. రాత్రి ఒకసారి, ఎండ రాకముందు మరోసారి క్లోరిన్ కొలవండి. ఒక పీపీఎంకు మించి తగ్గితే నాచు ఇంకా ఉన్నట్టే, మరో రోజు రుద్దాల్సిందే.