వాల్వులోని తూము

కర్నూలు, కడప ప్రాంతాలలో ఏ పాత నాటక సమాజం వారి సామాను గదినైనా, ఏ మైకు సెట్టు దుకాణం అటకనైనా వెదకి చూస్తే, దుమ్ము కప్పుకొన్న బరువైన ఇనుప పెట్టె ఒకటి కనబడడం కద్దు. మూత విప్పితే లోపల నాలుగైదు గాజు బుడ్లు, వాటి వెనుక రెండు మూడు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటవి. తిరునాళ్ళలో హరికథను, ఉరుసులో ఖవ్వాలీని, ఎన్నికలలో ఉపన్యాసాన్ని ఊరవతలి చేలదాకా మోసికొనిపోయినది ఇట్టి పెట్టెలే. 1885లో కడప మండలంలోని సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో పుట్టిన నాటక సమాజానికి మొదటి రోజులలో నటుని గొంతే దిక్కు. మైకు తరువాతి తరాల భాగ్యం. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వెలసేనాటికి కూడ వాల్వు రేడియోలు ఎన్నో ఇండ్లలో పలుకుతూనే ఉండినవి.

తరువాత ట్రాన్సిస్టరు వచ్చి వాల్వును ఇంచుమించు అన్ని చోట్లనుండీ వెళ్ళగొట్టినది. వెళ్ళగొట్టలేని చోటు ఒకటి మిగిలింది. అది గిటారు ఆంప్లిఫైయరు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ చేసిన పెట్టెలను చూచి, 1962లో లండనులో జిమ్ మార్షల్ తన పెట్టెలు ఆరంభించినాడు. శక్తికి మించి వాయించినపుడు వాల్వు ధ్వనిని చటుక్కున తెంపివేయక మెల్లగా వంచుతుంది. ఆ వంపులోని మాధుర్యమే గిటారు వాద్యకారులకు ప్రాణం. గిటారు మనకు చర్చి గాయక బృందాల మూలాన, సినిమా పాటల ఆర్కెస్ట్రాల మూలాన పరిచయమైన వాద్యం. విద్యుత్తుతో పలికే తీగలు మన సంప్రదాయ సంగీతానికి పరాయివి కావని పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ లోకానికి చాటి చెప్పినాడు.

మైకు పెట్టె అయినా గిటారు పెట్టె అయినా లోపలి ధర్మం ఒక్కటే. స్పీకరును నడిపే పెద్ద వాల్వులు కొంతకాలానికి ముసలివవుతవి. ధ్వని మందగిస్తుంది, గుంయిమనే రొద పెరుగుతుంది. గాజు పైభాగంలోని వెండి మెరుపు పాలవలె తెల్లబడితే లోపలికి గాలి చొరబడినదన్నమాట, ఆ వాల్వు ఇక పనికిరాదు. గాజు గోడపై కనబడే నీలి వెలుగును చూచి మాత్రం భయపడనక్కరలేదు. లోపలి ప్లేటు కుంపటిలో ఇనుమువలె ఎర్రబడితే తక్షణం స్విచ్చి ఆపవలెను.

వాల్వులు తెలిసిన మెకానిక్కు ఈనాడు సులభంగా దొరకడు. ఎవరికి వారే కొత్త వాల్వులు తెప్పించుకొని, ఇంటి బల్బు మార్చినట్లే మార్చుకొంటున్నారు. రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలో ఇవి నేటికీ తయారవుతున్నవి. బల్బు మార్చడానికీ దీనికీ ఒక పెద్ద భేదమున్నది. దాని పేరు బయాసు. అది తెలియక చెడిన పెట్టెలు అనేకం.

దీనిని గ్రహించడానికి మనవారికి పుస్తకం కంటే కాలువ మేలైన గురువు. సుంకేసుల దగ్గర తుంగభద్రను మళ్ళించి కడపదాకా నీరు తెచ్చే కర్నూలు-కడప కాలువను తలచుకొనండి. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించినది అది. తూము తలుపును కొద్దిగా కదిపితే చాలు, వెనుకనున్న మహాజలరాశి దానికి లోబడి హెచ్చుతుంది, తగ్గుతుంది. వాల్వులో కాథోడు నీటి ఊట. కాగిన కాథోడునుండి వెలువడే ఎలక్ట్రానులను నాలుగైదు వందల వోల్టుల ధనవిద్యుత్తుగల ప్లేటు తనవైపు లాగుకొంటుంది. నడుమనున్న సన్నని తీగచుట్ట గ్రిడ్డు, అదే తూము తలుపు. 1906లో లీ డి ఫారెస్ట్ ఈ తలుపును అమర్చిన తరువాతనే వాల్వు ధ్వనిని పెంచే సాధనమైనది. గిటారు తీగ కంపం చిన్న వోల్టేజిగా వచ్చి తలుపును కదిపితే, ప్లేటు ప్రవాహం ఆ కంపాన్నే పెద్దదిగా చేసి స్పీకరుకు అందిస్తుంది.

ఎవరూ వాయించనపుడు తలుపు ఎంత ఎత్తున నిలిచి ఉండవలె? గ్రిడ్డుకు ముందుగా ఇచ్చే ఋణవోల్టేజి దానిని నిర్ణయిస్తుంది. అదే బయాసు. ఋణం మరీ ఎక్కువైతే తలుపు నేలకంటి మూసుకొంటుంది, సన్నని స్వరాలు దాటలేక ధ్వని గరగరలాడుతుంది. మరీ తక్కువైతే ప్రవాహం కట్టు తప్పి వాల్వు కాలిపోతుంది, దానితోపాటు ఒక్కొక్కసారి ట్రాన్స్‌ఫార్మరు కూడ. వాల్వు పోతే మరొకటి వస్తుంది. పాత పెట్టెలోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుకు సరిజోడు దొరకడం దుర్లభం.

ఒకే కార్ఖానాలో ఒకేనాడు పుట్టిన వాల్వులు కూడ ఒకే ఋణవోల్టేజికి ఒకే ప్రవాహాన్ని ఇవ్వవు. అందుచేతనే పాత వాటికి అమర్చిన బయాసు కొత్తవాటికి సరిపోతుందని నమ్మరాదు. రెండేసి వాల్వులు జంటగా పనిచేసే పెట్టెలలో జోడు కుదిర్చి అమ్మేవాటినే కొనవలెను. అన్ని పెట్టెలకూ ఈ కొలత అక్కరలేదనే మాట కూడ నిజమే. పాత రేడియోలలోను, చిన్న ఆంప్లిఫైయర్లలోను కాథోడు కింద ఒక రెసిస్టరు ఉంటుంది. ప్రవాహం పెరిగితే దానిమీది వోల్టేజి పెరిగి, తలుపు తనంతట తానే దిగుతుంది. పెద్ద పెట్టెలలో ఈ సౌకర్యం సామాన్యంగా ఉండదు.

లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థికి కూడ అందుతుంది. ఇ.ఎల్. 34 అనే వాల్వు ప్లేటు భరించగల వేడి 25 వాట్లు. ఖాళీగా ఉన్నపుడు అందులో నూటికి డెబ్బది పాళ్ళు మించరాదని అనుభవజ్ఞులు ఏర్పరచుకొన్న మర్యాద. అనగా 17.5 వాట్లు. ప్లేటు వోల్టేజి 450 అనుకొందాం. 17.5ను 450తో భాగిస్తే 0.0389, అంటే సుమారు 39 మిల్లీ ఆంపియర్లు. ఈ ప్రవాహాన్ని కొలవడానికి కాథోడుకూ చాసిస్‌కూ నడుమ ఒక ఓము రెసిస్టరు ఉంచుతారు. ఓము సూత్రం ప్రకారం దానిమీద ఎన్ని మిల్లీ వోల్టులు కనబడితే అన్ని మిల్లీ ఆంపియర్లు. ఇందులో స్క్రీన్ గ్రిడ్డు ప్రవాహం కొద్దిగా కలిసి ఉంటుంది కనుక ప్లేటుకు పోయేది ఇంకా తక్కువే. పొరపాటు క్షేమం వైపే మొగ్గుతుంది.

నా అభిప్రాయంలో మన పల్లెలలో డెబ్బది వరకూ పోనక్కరలేదు, అరవై చాలు. కారణం మన కరెంటు. 230 వోల్టులు రావలసినచోట 250 వస్తే, 450 కాస్తా 489 అవుతుంది. ఋణవోల్టేజి కూడ వెంట పెరిగి కొంత ఆదుకొంటుంది గాని పూర్తిగా కాదు. పైన నలభై డిగ్రీలు దాటిన మే నెల వేడిమి. ఒక్కొక్క ఇ.ఎల్. 34 హీటరే తొమ్మిది వాట్లకు పైగా వేడిని చిమ్ముతుంది. అరవై పాళ్ళ చొప్పున 15 వాట్లు, 33 మిల్లీ ఆంపియర్లు. అంతటితో ధ్వనికి వచ్చే లోటును పట్టగల చెవులు చాలా కొద్ది.

ఇక చేతిపని. ఇక్కడ నిదానం తప్పనిసరి, ఎందుకంటే ఈ పెట్టె మనిషిని చంపగలదు. ప్లగ్గు పీకివేసిన తరువాత కూడ కండెన్సర్లు నిండు వోల్టేజిని పట్టుకొని ఉండవచ్చు. 100 మైక్రోఫారడుల కండెన్సరులో 450 వోల్టుల దగ్గర పది జౌళ్ళ శక్తి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో చిటుక్కున తగిలించి దానిని ఖాళీచేసే మొరటు అలవాటు మానవలెను. లక్ష ఓముల, కనీసం మూడు వాట్ల రెసిస్టరును పొడుగైన తొడుగు తీగలతో తగిలించి నిమిషంపాటు ఉంచితే అది నిదానంగా ఖాళీ అవుతుంది. మీటరుతో చూచి, సున్నా అని నిర్ధారించుకొనిన పిమ్మటనే చేయి పెట్టవలెను. విద్యార్థులు లెక్క వేయవచ్చు. మూత తీసేవేళ పెట్టె సంగతి తెలిసిన పెద్దవారు పక్కన ఉండి తీరవలె.

పాత వాల్వులు చల్లబడిన తరువాత నిటారుగా పైకి లాగి, కొత్తవాటిని పెట్టేముందు ఒక పరీక్ష చేయవలసి ఉన్నది. సాకెట్లు ఖాళీగా ఉండగా కరెంటు ఇచ్చి, రెండింటిలోను గ్రిడ్డు స్థానమైన అయిదవ పిన్నుకు ఋణవోల్టేజి వస్తున్నదో లేదో చూడవలె. ఒకదానికి రాకపోతే అక్కడ పెట్టిన కొత్త వాల్వు కొద్దిసేపటిలో బూడిదే. ఈ పరీక్షను ఎగ్గొట్టేవారే ఎక్కువ. అది ముగిసినాక మళ్ళీ ప్లగ్గు తీసి, కండెన్సర్లు ఖాళీచేసి, బయాసు మరను అత్యధిక ఋణం వైపు త్రిప్పి, వాల్వులను గాడి చూచుకొని దింపవలెను. స్పీకరు తగిలించి ఉండవలె. స్పీకరు లేకుండా నడిపితే ట్రాన్స్‌ఫార్మరుకే ముప్పు.

వాల్యూము సున్నా చేసి స్విచ్చి వేయండి. మీటరు వెయ్యి వోల్టులకు తట్టుకొనేదై ఉండవలె. దాని నల్లతీగను ముందుగానే మొసలి క్లిప్పుతో చాసిస్‌కు బిగించి, ఎడమచేయి జేబులో పెట్టుకొని, కుడిచేతితో మాత్రమే కొలవడం పాత మెకానిక్కుల ఆచారం. రెండు చేతులూ తగిలితే విద్యుత్తు గుండెమీదుగా పోతుందని వారికి తెలుసు. బయాసు మరను కొంచెం కొంచెంగా త్రిప్పితే మిల్లీ వోల్టులు పెరుగుతవి. ప్రవాహం పెరిగినకొద్దీ ప్లేటు వోల్టేజి కొంత జారుతుంది కాబట్టి, దానిని తిరిగి కొలిచి లెక్కను కూడ తిరిగి వేయవలె. జంటలో ఇద్దరి నడుమ రెండు మూడు మిల్లీ ఆంపియర్ల తేడా ఉంటే బాధ లేదు. పావుగంట కాగనిచ్చి మరొకమారు చూస్తే అంకె కొంచెం కదలి ఉంటుంది, సరిదిద్దవలె.

ప్లేటు వోల్టేజి, ప్రవాహం, ఆనాటి మెయిన్సు వోల్టేజి, తేదీ, ఈ నాలుగింటినీ ఒక కాగితంపై వ్రాసి మూత లోపలి వైపు అంటించండి. ఏడాదికో రెండేళ్ళకో పెట్టె తెరిచే మనిషికి, అతడెవరైనా, ఆ చీటీయే మొదటి కొలత.