రంగం నుంచి నడిచొచ్చిన వారి మాటా చరిత్రే

పూండి: ఉద్దానం పల్లెల్లో పాతకాలం వారు 'రంగం' అంటే యుద్ధరంగం కాదు, రంగూన్ పట్నం. ఒకప్పుడు బారువ, కళింగపట్నం వంటి రేవుల్లో స్టీమరెక్కి ఈ ప్రాంతం వారెందరో పొట్ట చేతపట్టుకుని బర్మా వెళ్ళారు. రేవులో మూటలు మోశారు. బియ్యం మిల్లుల్లో పనిచేశారు. రిక్షాలు లాగారు. అక్కడ వారిని 'కోరంగీలు' అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది.

1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను విమానాలు బాంబులు కురిపించాయి. ఆకాశంలో వింత చూద్దామని వీధుల్లో నిలబడిన జనం గుంపులుగా బలయ్యారు. ఆ ఒక్కరోజే వెయ్యిమందికి పైగా చనిపోయారు. 25న మళ్ళీ దాడి జరిగింది. 1942 మార్చి 8న పట్నం జపాను చేతికి చిక్కింది. ఓడ దొరకని వారు లక్షలాదిగా కాలినడకన స్వదేశం దారి పట్టారు. కలరా, మలేరియా, ఆకలి వేలమందిని దారిలోనే పొట్టన పెట్టుకున్నాయి.

విలేఖరి చూసింది

అమెరికా విలేఖరి జాక్ బెల్డన్ అప్పుడు బర్మాలోనే ఉన్నాడు. జనరల్ స్టిల్‌వెల్ బృందంతో అడవులు దాటి వచ్చాడు. ఆ బృందం మే 20న ఇంఫాల్ చేరింది. సుమారు 114 మందిలో ఒక్కరూ చనిపోలేదు. కళ్ళారా చూసింది బెల్డన్ 1943లో పుస్తకంగా అచ్చువేయించాడు. సైన్యం ఎలా చెల్లాచెదురైందో ఆనాటి యుద్ధ ప్రకటనల కంటే ఆ పుస్తకమే బాగా చెబుతుంది. అయితే ఆయన నడిచింది జనరల్ వెంట. మూటా ముల్లె నెత్తిన పెట్టుకుని, బిడ్డను చంకనేసుకుని నడిచిన కూలి వెంట ఏ విలేఖరీ లేడు.

కూలి చూసింది

తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి చూపించారని ప్రాణాలతో చేరినవారు చెప్పారు. యుద్ధకాలం కనుక పత్రికలపై ఆంక్షలుండేవి. అయినా ఆ మాట దేశమంతా పాకింది. 1942 ఏప్రిల్ చివర అలహాబాదులో సమావేశమైన కాంగ్రెస్ పెద్దలు ఈ వివక్షను ఖండించారు. చదువురాని వారి సాక్ష్యానికి ఉన్న బలం అది.

ఏ సాక్ష్యమూ ఒంటరిగా చాలదు. విలేఖరికి తాను నిలబడిన వీధే కనిపిస్తుంది. ముసలివారికి తేదీలు తారుమారవుతాయి. రెండూ పక్కపక్కన పెడితే నిజం తేలుతుంది. తాత 'మణిపురం మీదుగా వచ్చాం' అన్నాడంటే అది తమూ దారి. 'కొండ దాటి సముద్రం ఒడ్డుకు చేరాం' అంటే తౌంగప్ కనుమ కావచ్చు. 'వానల్లో తడిశాం' అంటే మే నెల వచ్చి ఉండవచ్చు.

నడిచొచ్చిన వారిలో ఇప్పుడు మిగిలినవారు అరుదు. వారి నోట విన్న కొడుకులు, కూతుళ్ళు కూడా ముసలివారయ్యారు. ఏ ఊళ్ళో బయలుదేరారు? ఏ నది దాటారు? ఏం తిన్నారు? దారిలో ఎవరిని పోగొట్టుకున్నారు? ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, చెప్పింది చెప్పినట్టు పిల్లల నోటు పుస్తకంలో రాయిస్తే చాలు. జనరళ్ళ నడక పుస్తకాల్లో ఉంది. ఉద్దానం వారి నడక ఇంకా ఇళ్ళలోనే ఉంది.