బడికే పరీక్ష పెట్టిన ఊరు

బోస్టన్ నడిబొడ్డున స్కూల్ స్ట్రీట్ అని ఒక పొట్టి వీధి ఉంది. 1635లో మొదలైన బోస్టన్ లాటిన్ స్కూలు ఒకప్పుడు ఇక్కడే ఉండేది. అమెరికాలో ప్రభుత్వ బడులన్నిటిలోకీ పాతది ఇదే. ఆ జాగాను కాలిబాట మీద రంగురాళ్ల పలకతో గుర్తుపెట్టారు. పక్కనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ విగ్రహం. ఆయన ఈ బడిలో కొద్దికాలమే చదివాడు. అయినా వీలునామాలో బోస్టన్ బడులకు వంద పౌన్లు రాసి, దాని మీద వచ్చే వడ్డీతో ఏటా మంచి విద్యార్థులకు వెండి పతకాలు ఇవ్వమన్నాడు. 1793 నుంచి ఇస్తూ వచ్చారు. పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో ఈ ఊరి పిల్లవాడికి ఫలితమంటే ఆ పతకమే.

అప్పట్లో పరీక్ష నోటితోనే జరిగేది. ఏడాదికోసారి స్కూలు కమిటీ పెద్దలు బడికి వచ్చేవారు. పిల్లలు వరసగా నిలబడి పాఠం అప్పజెప్పేవారు. ఎవరిని ఏం అడగాలన్నది చాలావరకు మాస్టారి చేతిలోనే ఉండేది. గట్టిగా చదివే నలుగురు ముందు వరసలో ఉంటే బడి పరువు దక్కినట్టే. మిగతా వాళ్లకు ఏం వచ్చో, ఏం రాదో ఎవరికీ తెలిసేది కాదు. ఎక్కడా రాసిపెట్టిన లెక్కంటూ లేదు.

ఆ పతకం కథలో ఒక చేదు ఘట్టం ఉంది. 1829లో నల్లజాతి పిల్లల బడికి మేయర్ హారిసన్ గ్రే ఓటిస్ స్వయంగా పరీక్షకు వచ్చారు. బీకన్ హిల్ మీద నల్లవారి ప్రార్థనా మందిరం నేలమాళిగలో నడిచే బడి అది. విలియం కూపర్ నెల్ అనే పిల్లవాడు, మరో ఇద్దరు పతకానికి తగినవాళ్లని తేలింది. కానీ వాళ్లకు పతకాలు ఇవ్వలేదు. బదులుగా ఫ్రాంక్లిన్ జీవితచరిత్ర ఇచ్చి సరిపెట్టారు. తెల్ల పిల్లలకు ఫన్యూయిల్ హాల్లో విందు జరుగుతుంటే నెల్ వడ్డించేవాళ్లలో కలిసి లోపలికి వెళ్లాడు. పరీక్షకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన గుర్తుపట్టి, నువ్వు కూడా ఆ పిల్లల పక్కన ఉండాల్సినవాడివి అని చెవిలో అన్నాడట. మరి ఎందుకు కూర్చోబెట్టలేదు అన్న ప్రశ్న నెల్‌ను వదల్లేదు. తన ఊరి బడులను మార్చడానికే ఆయన తర్వాతి పాతికేళ్లు ధారపోశాడు.

స్కూల్ స్ట్రీట్ నుంచి కొంచెం ఎక్కితే బంగారు గుమ్మటంతో రాష్ట్ర శాసనసభ భవనం. దాని ముందు హొరేస్ మాన్ విగ్రహం. 1837 నుంచి 1848 దాకా మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శి ఆయన. ప్రష్యా బడులు చూసివచ్చి, అక్కడ బెత్తం లేకుండానే చదువు సాగుతోందని నివేదిక రాశాడు. బోస్టన్ మాస్టర్లకు ఒళ్లు మండింది. 1844లో ముప్ఫై ఒక్క మంది కలిసి ఆయనకు జవాబుగా ఒక పుస్తకమే అచ్చేశారు. మాటకు మాట పెరిగింది. అప్పుడు మాన్ స్నేహితుడు శామ్యూల్ గ్రిడ్లీ హో స్కూలు కమిటీలోకి ఎన్నికై వచ్చాడు. అంధుల బడి నడిపిన వైద్యుడు ఆయన. చూపు, వినికిడి రెండూ లేని లారా బ్రిడ్జ్‌మన్‌కు భాష నేర్పించినవాడు. బడి బాగుందో లేదో వాదనతో తేలదు, కొలిచి చూద్దాం అన్నది వీళ్ల పట్టుదల.

1845 వేసవిలో బోస్టన్ గ్రామర్ స్కూళ్లకు అచ్చువేసిన ప్రశ్నపత్రాలు వచ్చాయి. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వ్యవధి, జవాబులు కాగితం మీద. చరిత్ర, భూగోళం, వ్యాకరణం, మాటల అర్థాలు, ప్రకృతిశాస్త్రం, ఖగోళం. ఏడువేలకు పైగా పిల్లలున్న ఆ బడుల్లోంచి పై తరగతివాళ్లను, అంటే మాస్టర్లు గర్వంగా చూపించుకునేవాళ్లను, సుమారు 530 మందిని కూర్చోబెట్టారు. వాళ్లలో చాలామందికి అచ్చు ప్రశ్నపత్రం చూడడం అదే మొదలు.

ఫలితం చూసి ఊరు నిర్ఘాంతపోయింది. రావలసిన సరైన జవాబుల్లో వందకు సుమారు ముప్ఫై వచ్చాయి. కమిటీ ఒక్క తప్పునూ వదల్లేదు. అక్షరదోషాలు, వ్యాకరణ దోషాలు, ఆఖరికి కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా బడివారీగా లెక్కగట్టి పట్టికలు వేసింది. ఆ అంకెలకన్నా నాకు ముఖ్యమనిపించేది వాటి వెనక బయటపడిన సంగతి. అధ్యక్షుడు జెఫర్సన్ కాలంలో ఓడల వ్యాపారం మీద విధించిన ఎంబార్గో, అంటే నిషేధం, ఏ సంవత్సరంలోనో చాలామంది పిల్లలు కరెక్టుగా రాశారు. ఎంబార్గో అంటే ఏమిటో మాత్రం రాయలేకపోయారు. పుస్తకంలోని మాట నోటికి వచ్చింది, అర్థం రాలేదు. తేదీ కంఠస్థం చేయించిన మాస్టారు ఆ మాటను ఒక్కసారైనా విడమరిచి చెప్పలేదన్నమాట.

మాన్ ఈ పట్టికలను తన పత్రికలో అచ్చువేసి, రాతపరీక్షను అప్పుడే కొత్తగా వచ్చిన ఫొటోతో పోల్చాడు. పిల్లల బుర్రలో ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి దిగుతుందని, పక్షపాతానికి తావుండదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో సగమే నిజం. రాతపరీక్ష మాస్టర్ల గొప్పల్ని బయటపెట్టింది, అది మేలే. కానీ కాగితం మీది అంకె ఎందుకు అలా వచ్చిందో ఆ కాగితం చెప్పదు.

దానికి సాక్ష్యం జాయ్ స్ట్రీట్‌లో ఉంది. నల్లజాతి పిల్లల కోసం 1835లో కట్టిన స్మిత్ స్కూలు అది, ఎర్ర ఇటుకల భవనం. 1845 పరీక్షలో అందరికన్నా వెనకబడింది ఈ బడే. కమిటీ తప్పు పిల్లల మీదికి నెట్టలేదు. ఈ పిల్లలకు చదువు రాదని మాస్టర్లు ముందే తీర్మానించుకున్నారని మందలించింది. అయితే ఊళ్లో వేరే బడి తలుపు ఏదీ వాళ్లకు తెరుచుకోలేదు. నెల్ తదితరులు అర్జీలు పెట్టారు, పిల్లల్ని బడి మాన్పించారు. బెంజమిన్ రాబర్ట్స్ అనే ప్రింటరు, కూతురు సారా ఇంటి దగ్గరి బడులను దాటుకుని స్మిత్ స్కూలుకు నడవాల్సి వస్తోందని కోర్టుకెక్కాడు. నల్లజాతి న్యాయవాది రాబర్ట్ మోరిస్, తెల్లజాతి న్యాయవాది చార్లెస్ సమ్నర్ ఆమె తరఫున వాదించారు. 1850లో ఓడిపోయారు. అయినా పోరు ఆగలేదు. 1855లో మసాచుసెట్స్ చట్టం చేసి, రంగును బట్టి ప్రభుత్వ బడిలో ఎవరినీ చేర్చుకోకుండా ఉండకూడదని శాసించింది. స్మిత్ స్కూలు మూతపడింది.

పరీక్ష వల్ల జరిగిన మార్పుల్లో కంటికి కనిపించేది టైలర్ స్ట్రీట్‌లో, ఇప్పటి చైనాటౌన్‌లో ఉంది. ఒక పెద్ద హాలులో అన్ని వయసుల పిల్లలు, ఒకే కప్పు కింద ఇద్దరు సమాన మాస్టర్లు అన్న పాత పద్ధతి పోయి, 1848లో క్విన్సీ స్కూలు వచ్చింది. ఒక్కో తరగతికి ఒక గది, ఒక్కో పిల్లవాడికి ఒక బల్ల, అందరి మీదా ఒక ప్రిన్సిపాల్. గదికి యాభై ఆరు మంది. మన బడుల్లో తరగతి అంటే కళ్లముందు కదిలే రూపం దాదాపు ఇదే. ఏడాది చివర పరీక్ష రాసి పై తరగతికి వెళ్లడమన్న ఏర్పాటు కూడా ఇలాంటి బడులతోనే అమెరికా అంతటా పాకింది. 1851లో బోస్టన్ మొదటి సూపరింటెండెంటును నియమించుకుంది.

గమనించాల్సిందేమంటే, 1845లో బోనులో నిలబడింది పిల్లలు కాదు. మాస్టర్లు, బడులు, బోధన. ఫలితాల పట్టికలో ఉన్నవి బడుల పేర్లు. పోయినవి కొందరు మాస్టర్ల ఉద్యోగాలు. పదో తరగతి, ఇంటర్ ఫలితాల రోజున మన ఊళ్లలో మార్కుల కాగితం పట్టుకుని దోషిలా నిలబడేది పిల్లవాడే. పాఠం చెప్పనివాణ్ని, గది ఇవ్వనివాణ్ని ఆ రోజు ఎవరూ అడగరు. ఇది అన్యాయం.

పిల్లల కాన్వొకేషన్‌కని బోస్టన్ వెళ్లే తెలుగు తల్లిదండ్రులు ఏటా ఎందరో. హార్వర్డ్ ప్రాంగణంలో ఫొటో దిగాక ఒక పూట మిగుల్చుకుని బీకన్ హిల్ ఎక్కండి. స్మిత్ స్కూలు భవనం ఇప్పుడు ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం, చిరునామా 46 జాయ్ స్ట్రీట్. నెల్ పరీక్షకు నిలబడిన ప్రార్థనా మందిరం దాని పక్కనే ఉంది.