క్లబ్బు పత్రికలో కల్వర్టు లెక్క

కాలేజీ మ్యాగజైన్ అంటే మనకు తెలిసిందే. ప్రిన్సిపాల్ సందేశం, గ్రూపు ఫొటోలు, నాలుగు కవితలు, ఓ విహారయాత్ర ముచ్చట. ఏడాది తిరిగేసరికి అటకెక్కేస్తుంది. కానీ అలాంటి విద్యార్థుల పత్రికలోనే అచ్చయిన ఓ చిన్న లెక్క... అమెరికాలో రైలు కట్టల కింద, రోడ్ల కింద కల్వర్టులు ఎంత పెద్దగా ఉండాలో దశాబ్దాలపాటు నిర్ణయించింది!

ఆ పత్రిక పేరు 'టెక్నోగ్రాఫ్'. ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విద్యార్థులది. తన పుట్టుక 1885లో అని చెప్పుకొంటుంది. విశ్వవిద్యాలయం తన పేరులోంచి 'ఇండస్ట్రియల్' అన్న మాట తీసేసిందీ ఆ ఏడాదే. మొదట్లో పత్రికకు ఇంత సొగసైన పేరు లేదు. 'సివిల్ ఇంజినీర్స్ క్లబ్ ఎంపిక చేసిన వ్యాసాలు'... అంతే!

ఆ వరుసలో రెండోదైన 1887-88 సంచికలో ఆర్థర్ న్యూవెల్ టాల్బట్ వ్యాసం వచ్చింది. ఆయన 1881లో అక్కడే పట్టా పుచ్చుకుని, రైలు మార్గాల పనుల్లో తిరిగి, 1885లో పాఠాలు చెప్పడానికి వెనక్కి వచ్చారు. అంటే రాసింది మాస్టారే, అచ్చేసింది మాత్రం పిల్లలు.

ఆయన పట్టుకున్న సమస్య పైకి చిన్నదే. రైలు కట్టకు అడ్డంగా వాగు వస్తే, నీళ్లు పోవడానికి ఎంత దారి వదలాలి? ఎక్కువ వదిలితే డబ్బు దండగ. తక్కువ వదిలితే గట్టి వానకు కట్టే కొట్టుకుపోతుంది. ప్రతి వాగు దగ్గరా ఏళ్ల తరబడి కూర్చుని కొలవలేరుగా! అందుకే టాల్బట్ ఓ దగ్గరి దారి చూపారు. వాగులోకి నీరు చేరే నేల ఎన్ని ఎకరాలో చూసి, ఆ అంకె ఘనానికి నాలుగో మూలం కట్టాలి. 16 ఎకరాలైతే 8 వస్తుంది. రాళ్లు తేలిన ఏటవాలు నేలైతే దాదాపు ఆ ఎనిమిది చదరపు అడుగులూ కావాల్సిందే. ఎత్తుపల్లాల పొలాలైతే అందులో మూడో వంతు చాలు.

ముప్పావు ఘాతాన్ని వాడే ఈ లెక్కకు మన దగ్గరా చుట్టాలున్నాయి. సివిల్ విద్యార్థులు చదివే డికెన్స్ వరద సూత్రంలోనూ అదే ఘాతం. మద్రాసు ప్రాంతానికి రైవ్స్ సూత్రం, హైదరాబాద్ దక్కనుకు అలీ నవాజ్ జంగ్ సూత్రం వేరే ఉన్నాయి.

లెక్క ఎంత బాగున్నా నీటికి దాంతో పని లేదు. 2005 అక్టోబరు 29న, అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర చిన్న రైలు వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ ప్రమాదానికి గురైంది. వందమందికి పైగా చనిపోయారు. ఎగువన చెరువు తెగి ఒక్కసారిగా మీదపడ్డ నీరది. ఎకరాలు లెక్కేసి చెప్పే సూత్రమేదీ అలాంటి వరదను ఊహించలేదు.

టాల్బట్ కూడా తన సూత్రాన్ని వేదవాక్కని చెప్పలేదు. ఇంజినీరు విచక్షణకు ఓ ఆసరా అనే అన్నారు. ఎన్నేళ్లకోసారి వచ్చే వరదకు సరిపోతుందో అది చెప్పదు. గుణకం ఎంచుకోవడం చూసేవాడి అనుభవాన్ని బట్టే ఉంటుంది. అయినా తేలిగ్గా ఉంది కాబట్టి అందరూ వాడేశారు.

1890-91 సంచికలో ఆయనదే ఇంకో వ్యాసం. తిన్నగా వెళ్లే రైలు మలుపులోకి ఒక్కసారిగా తిరిగితే కుదుపు తప్పదు. దాన్ని మెల్లగా వంపులోకి దించే పట్టాల అమరిక గురించి రాశారు. తర్వాత అది పుస్తకంగానూ వచ్చింది.

ఇక కల్వర్టుల లెక్కకు ప్రత్యామ్నాయం కూడా అదే ప్రాంగణం నుంచి వచ్చింది. చిన్న పరీవాహక ప్రాంతాల కోసం కొత్త పద్ధతిని 1962లో అక్కడి ఆచార్యుడు వెన్ తె చౌ ప్రకటించారు. ఓపెన్ ఛానల్ హైడ్రాలిక్స్ పుస్తకంతో మన సివిల్ విద్యార్థులకు పరిచయమైన చౌ ఈయనే. ఈసారి మాత్రం అచ్చయింది క్లబ్బు పత్రికలో కాదు, విశ్వవిద్యాలయం బులెటిన్‌లో.