సీలియాక్ పరీక్షలు తేలనప్పుడు, తేలాక: తరగతిలో మనం చేయాల్సింది

అడ్మిషన్ ఫారంలో "సీలియాక్" అని రాసి, పక్కనే "ఇంకా తేలలేదు" అని రాసే తల్లిదండ్రులు ఉంటారు. అది చూసి కొందరు టీచర్లు ఆ రోజు నుంచే పిల్లకి బిస్కెట్ ఇవ్వడం మానేస్తారు. ఇంకొందరు "తేలలేదంటే ఏమీ లేనట్టే కదా" అని అందరితో పాటు పెట్టేస్తారు. రెండూ మన ఊహలే. ఊహ తప్పితే నష్టపోయేది ఆ పిల్ల.

అసలు ఏమిటిది?

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్ళు అది తింటే ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి సన్నటి నూగులాంటి పొర దెబ్బతిని, ఇనుము, కాల్షియం లాంటివి ఒంటికి పట్టవు. కొందరికి కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. కొందరిలో నీరసం, రక్తం తక్కువగా ఉండడం, ఎత్తు పెరగకపోవడం మాత్రమే కనిపిస్తాయి. ఇది గోధుమ ఎలర్జీ కాదు, దాని సంగతి వేరు. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండే చికిత్స.

"మన వైపు ఎప్పుడూ వినలేదే" అని తాతయ్యలు, అమ్మమ్మలు అనడంలో కొంత నిజముంది. 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 23 వేలకు పైగా భారతీయ పెద్దలను పరీక్షించారు. ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే సీలియాక్ యాంటీబాడీలు కనిపించాయి. దీనికి సంబంధించిన జన్యువులు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి. పెద్ద తేడా గోధుమ వాడకంలో ఉంది. డునెడిన్‌లో మన పిల్లల పొద్దుటి వీట్‌బిక్స్, మధ్యాహ్నం శాండ్‌విచ్ అన్నీ గోధుమే. కాబట్టి "మనవాళ్ళకి రాదు" అని ఇక్కడ కొట్టిపారేయలేం.

రిపోర్టులు ఎందుకు కుదరవు?

మొదట రక్తపరీక్ష చేస్తారు. అందులో ప్రధానంగా చూసేది ఐజీఏ రకం యాంటీబాడీ. కొందరి ఒంట్లో పుట్టుకతోనే ఐజీఏ తక్కువ. వాళ్ళకి జబ్బు ఉన్నా రిపోర్టు "లేదు" అనే రావచ్చు. అందుకే మొత్తం ఐజీఏ ఎంత ఉందో కూడా చూస్తారు.

తర్వాత ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తారు. దెబ్బ పేగంతటా ఒకేలా ఉండదు. అందుకే కొన్ని చోట్ల నుంచి తీస్తారు. రక్తంలో యాంటీబాడీలు ఉండి పేగు ఇంకా బాగానే ఉండే దశ కూడా ఒకటుంది. అప్పుడు డాక్టర్లు కొంతకాలం గమనించి మళ్ళీ పరీక్షలు చేయొచ్చు. జన్యుపరీక్ష కూడా ఉంది. ఆ జన్యువులు లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం జబ్బు ఉందని కాదు, చాలామంది ఆరోగ్యవంతుల్లో కూడా అవి ఉంటాయి.

అన్నిటికన్నా మామూలు కారణం ఇంకొకటి. పరీక్షకి ముందే ఇంట్లో గోధుమ మానేస్తే యాంటీబాడీలు తగ్గుతాయి, పేగు మానడం మొదలవుతుంది, రిపోర్టు తారుమారవుతుంది. అలా మానేసినవాళ్ళని పరీక్షకి ముందు కనీసం 6 వారాలు రోజూ గోధుమ తినమని సాధారణంగా చెప్తారు.

ఒకే పిల్ల, రెండు నియమాలు

కాబట్టి పరీక్షలు నడుస్తున్నప్పుడు మనం "పాపం" అనుకుని గోధుమ ఆపకూడదు. గ్లూటెన్ మానాలని డాక్టర్ చెప్పాక ఒక్క ముక్క కూడా పెట్టకూడదు. ఇప్పుడు ఏ దశలో ఉన్నారో తల్లిదండ్రుల్ని అడిగి, వాళ్ళ జవాబును తేదీతో సహా ఫారంలో రాయండి. ప్రతి టర్మ్ మొదట్లో మళ్ళీ అడగండి. "నిజంగా ఉందా?" అని పిల్లని మాత్రం అడగొద్దు.

మన వంటల్లో దాగినవి

గ్లూటెన్ మానిన పిల్లకి సత్యనారాయణ వ్రతం ప్రసాదం కూడా కుదరదు, అది గోధుమరవ్వ. "ప్రసాదమే కదా, కొంచెం" అని బలవంతం చేయకండి, కళ్ళకద్దుకుంటే చాలు. బొంబాయి రవ్వ, సేమియా, బొబ్బట్లు, కాజాలు, గులాబ్‌జామ్ అందరికీ తెలిసినవే. తెలియనిది ఇంగువ. డబ్బాల్లో వచ్చే పొడి ఇంగువ చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుస్తుంది. పులిహోర, జంతికలు అక్కడే తప్పుతాయి. పూరీలు వేయించిన నూనెలో చెక్కలు వేయించినా అంతే. హార్లిక్స్, మైలో లాంటి వాటిలో బార్లీ మాల్ట్ ఉంటుంది.

ప్యాకెట్ మీద "గ్లూటెన్ ఫ్రీ" అన్న మాటకి కూడా దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. న్యూజిలాండ్‌లో అలా రాయాలంటే పరీక్షలో గ్లూటెన్ అసలు కనిపించకూడదు, ఓట్స్ ఉండకూడదు. ఇండియాలో 20 పీపీఎం వరకు ఒప్పుకుంటారు. ఊరి నుంచి వచ్చిన స్వీట్ల ప్యాకెట్ పంచేముందు తల్లిదండ్రులకి చూపించండి.

అక్షరాలు చేయించే ప్లేడోలో గోధుమపిండి ఉంటుంది. చిన్నపిల్లల వేళ్ళు నోట్లోకే పోతాయి కాబట్టి బియ్యప్పిండి ముద్ద వాడుదాం. కాగితాలు అంటించడానికి మైదా జిగురు వద్దు.

పొరపాటున తింటే గాభరా పడొద్దు, పిల్లని కోప్పడొద్దు. ఏం తిన్నదో, ఎంత తిన్నదో వెంటనే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

పండగలకి ఆ పిల్లకి విడిగా డబ్బా ఇచ్చి మూల కూర్చోబెట్టే బదులు, అందరూ తినగలిగేవే ఎక్కువ పెడదాం. ఇంగువ వేయని పులిహోర, ఉండ్రాళ్ళు, అరిసెలు, సున్నుండలు, పూతరేకులు బియ్యంతో, మినుములతో చేసేవే. శుభ్రమైన గిన్నెలో, కొత్త నూనెలో చేసి, వేరే గరిటెతో అన్నిటికన్నా ముందు వడ్డిస్తే ఆ పిల్ల అందరితో పాటే పంక్తిలో కూర్చుంటుంది.